ఇరవై రెండో మనిషి
యాభై వేల విదేశీ టూరులో ఎవరి వాటా ఎంత?

‘‘మాస్టారూ, ఇంక రెండే సీట్లున్నాయండి. రేపు సాయంత్రంలోగా అడ్వాన్సు వేసేస్తే మీ పేరు, మేడమ్‌గారి పేరు రాసేసుకుంటాను.’’

దసరాకో, సంక్రాంతికో రెండు మూడు నెలల ముందు ఇలాంటి ఫోను రావడం నర్సీపట్నంలో ఇప్పుడు వింతేం కాదు. అబీద్ సెంటర్ దాటి చింతపల్లి ఘాట్ ఎక్కే కార్లను మనం ఏళ్లుగా చూస్తున్నాం. డిసెంబరు వచ్చిందంటే లంబసింగి మంచు కోసం తెల్లారకముందే ఊరి మీంచి పోతుంటాయి. అది ఊరి మీదుగా పోయే టూరిజం. ఇప్పుడు చెప్పుకోబోయేది ఊరి నుంచి బయల్దేరే టూరిజం. బ్యాంకాక్, సింగపూర్, దుబాయ్, కాస్త చెయ్యి తిరిగితే యూరప్. విమానం, హోటలు, తిండి, తిప్పడం అన్నీ కలిపి ఒకే ధర.

ఆ ఒకే ధరలో ఎన్ని ధరలున్నాయి? యాభై వేలు కట్టిన మనిషి డబ్బు ఏ చేతిలోంచి ఏ చేతిలోకి పోతుంది? అన్నీ పోగా టూరు నడిపినవాడికి మిగిలేదెంత? ‘‘ఇంక రెండే సీట్లు’’ అన్న మాట నిజమో కాదో కూడా ఆ లెక్కలోనే తేలుతుంది.

ముందు పెద్ద అంకెలు

2019లో దేశం దాటి వెళ్లిన భారతీయుల ప్రయాణాలు 2 కోట్ల 69 లక్షలు. కరోనా దెబ్బకు పడిపోయిన ఈ సంఖ్య కోలుకుని 2024లో 3 కోట్ల 8 లక్షలు దాటింది. వీళ్లంతా సరదాకు వెళ్లినవాళ్లు కారు. గల్ఫ్‌కు కూలికెళ్లినవాళ్లు, చదువుకెళ్లిన పిల్లలు, మనవల్ని చూడ్డానికెళ్లిన తాతలు, అమ్మమ్మలు కూడా ఇందులోనే ఉన్నారు. డబ్బు లెక్క చూస్తే బొమ్మ ఇంకొంచెం స్పష్టమవుతుంది. రిజర్వు బ్యాంకు సరళీకృత పథకం కింద ఒక మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. 2024-25లో ఈ దారిన మొత్తం 2,956 కోట్ల డాలర్లు వెళ్లాయి. అందులో ప్రయాణాల పద్దు ఒక్కటే 1,696 కోట్ల డాలర్లు. అంటే నూటికి 57. చదువులకూ, బంధువులకూ, పెట్టుబడులకూ కలిపి వెళ్లినదానికంటే తిరగడానికి వెళ్లిందే ఎక్కువ.

మన వైపు నుంచి ఎక్కువ మంది మొదటి మెట్టు థాయిలాండ్. 2023 నవంబరులో ఆ దేశం భారతీయులకు వీసా ఎత్తేసింది. మలేసియా అదే ఏడాది డిసెంబరు 1 నుంచి ఎత్తేసింది. 2024లో థాయిలాండ్ వెళ్లిన భారతీయులు 21 లక్షల పైమాటే. అదే ఏడాది ఏప్రిల్‌లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కూ, కౌలాలంపూర్‌కూ నేరుగా ఎయిర్‌ఏషియా విమానాలు మొదలయ్యాయి. ఈ మూడూ ఆర్నెల్లలోపు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. అప్పుడు వీసా తంటా పోయింది, హైదరాబాద్ వెళ్లి విమానం మారే పని తప్పింది. టూరు నడిపేవాడికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

కాకపోతే విశాఖ నుంచి విదేశీ విమానం అనేది ఎప్పుడూ నిలకడ లేని వ్యవహారమే. 2017లో కొలంబోకు మొదలైన శ్రీలంకన్ సర్వీసు నిలదొక్కుకోలేదు. సర్వీసు ఆగిన రోజున ప్యాకేజీ ధర మారిపోతుంది. దాంతో ఈ వ్యాపారంలో మొదటి పాఠం అర్థమవుతుంది. ఆపరేటర్ అమ్మేవాటిలో అతని సొంతం ఒక్కటీ లేదు. విమానం వేరేవాళ్లది, హోటలు వేరేవాళ్లది, బస్సు వేరేవాళ్లది. అతను చేసేది వాటిని ముందే మాట్లాడుకుని, ఒక దండగా గుచ్చి, దండ ధర చెప్పడం. దారం ఒక్కటే అతనిది.

యాభై వేల లెక్క

ఒక టూరును కాగితం మీద పెట్టి చూద్దాం. బ్యాంకాక్, పట్టాయా కలిపి 4 రాత్రులు, 5 పగళ్లు. ఫ్లెక్సీ మీద 49,999 అని ఉంటుంది, మనం 50,000 అనుకుందాం. వెళ్లేది 30 మంది, వెంట ఒక టూర్ మేనేజరు. కింద అంకెలు ఏ ఒక్క కంపెనీవీ కావు. వ్యాపారం నడిచే తీరు తెలియడానికి వేసుకున్న గుండు లెక్కలు. సీజనునుబట్టి, హోటలు స్థాయినిబట్టి అటూ ఇటూ అవుతాయి గానీ లెక్క వేసే పద్ధతి ఇదే.

మనిషికి అయ్యే ఖర్చు:

విమానం రానూపోనూ, గ్రూపు ధర: 20,000
హోటలు 4 రాత్రులు (4,000 గదిలో ఇద్దరు, తలా 2,000): 8,000
ఇండియన్ భోజనాలు 8 పూటలు, పూటకు 500: 4,000
చూసే చోట్ల టికెట్లు, పడవలు: 5,000
ప్రయాణ బీమా: 500
టూరు కుదిర్చిన ఊరి ఏజెంటు కమీషన్: 2,000

ఇక్కడికి 39,500. ఇది తలసరి ఖర్చు. మనిషి పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఇక గుంపు మొత్తానికి అయ్యే ఖర్చు వేరే ఉంది:

అక్కడ బస్సు, గైడు: 90,000
నర్సీపట్నం నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకు, మళ్లీ వెనక్కి బస్సు: 30,000
టూర్ మేనేజరు టికెట్, గది, బత్తా: 45,000
ప్రకటనలు, ఆఫీసు అద్దె, జీతాల్లో ఈ టూరు వాటా: 60,000

మొత్తం 2,25,000. ముప్పై మంది మీద పరిస్తే తలకు 7,500. రెండూ కలిపితే 47,000. ధర 50,000. మిగిలింది 3,000. నూటికి ఆరు రూపాయలు.

పదిహేను లక్షల టర్నోవరు మీద 90,000 లాభం. బయటినుంచి చూసేవాళ్లకు ‘‘మనిషి దగ్గర యాభై వేలు లాగుతున్నాడు’’ అనిపించే వ్యాపారం, లోపలికెళ్తే కిరాణా కొట్టు లాభం మీద నడుస్తుంది. ఇది చిన్నవాళ్ల గతే అనుకోకండి. ప్రపంచంలోని పెద్ద టూరు కంపెనీల్లో ఒకటైన జర్మనీ టూయీ గ్రూపు 2024 ఆర్థిక సంవత్సరంలో రెండు కోట్ల మందికి పైగా తిప్పి 2,320 కోట్ల యూరోల వ్యాపారం చేసింది. వడ్డీలు, పన్నులు కట్టక ముందు దాని నిర్వహణ లాభం దాదాపు 130 కోట్ల యూరోలు. నూటికి ఐదున్నర. పైగా టూయీకి సొంత విమానాలు, హోటళ్లు, ఓడలు కూడా ఉన్నాయి.

లాభం ఎక్కడ మొదలవుతుంది?

నూటికి ఆరు అనేది బస్సు నిండినప్పటి మాట. నిండకపోతే?

ఒక్కో మనిషి 50,000 ఇస్తే 39,500 అతని తలసరి ఖర్చుకే పోతుంది. మిగిలిన 10,500 వెళ్లి ఆ 2,25,000 గొయ్యిలో పడుతుంది. గొయ్యి పూడాలంటే ఎంతమంది కావాలి? 2,25,000ను 10,500తో భాగిస్తే 21.4. మనిషిని ముక్కలు చెయ్యలేం కాబట్టి 22 మంది.

21 మంది వస్తే: 4,500 నష్టం
22 మంది వస్తే: 6,000 లాభం
25 మంది వస్తే: 37,500
30 మంది వస్తే: 90,000
35 మంది వస్తే: 1,42,500

జాగ్రత్తగా చూడండి. మొదటి 21 మంది కట్టిన పదిన్నర లక్షల్లో ఆపరేటర్‌ది ఒక్క రూపాయి లేదు. అతను బతికేది ఇరవై రెండో మనిషి నుంచి. ముప్పై మంది గుంపులో చివరి తొమ్మిది మందే అతని సంసారం. అందుకే జాబితాలో మొదట చేరినవాళ్లతో మర్యాదగా మాట్లాడే ఆపరేటర్, ఇరవై దాటాక ఫోను మీద ఫోను చేస్తాడు. అందుకే కరపత్రం అడుగున చిన్నక్షరాల్లో ‘‘కనీసం ఇంతమంది చేరితేనే టూరు’’ అని ఉంటుంది. ఆ సంఖ్య వెనకున్న భాగహారం ఇదే.

ధర తగ్గించమని బేరమాడేటప్పుడు కూడా ఈ లెక్కే పనిచేస్తుంది. తలకు 1,000 తగ్గిస్తే ధరలో తగ్గింది 2 శాతమే. కానీ 30 మంది మీద 30,000 పోయి లాభంలో మూడో వంతు ఎగిరిపోతుంది. గొయ్యి పూడ్చడానికి అప్పుడు 22 కాదు, 24 మంది కావాలి. మనకు చిన్నదిగా కనిపించే రాయితీ అతనికి ఇద్దరు మనుషులు.

ఒంటరిగా వచ్చేవాళ్లకు ధర ఎందుకెక్కువో కూడా ఇక్కడే తెలుస్తుంది. గది ఎలాగూ 4,000. పంచుకునే తోడు లేకపోతే 4 రాత్రులకు 8,000 అదనం. భర్త పోయిన ఒక పెద్దావిడ టూరుకు వస్తానంటే ఆపరేటర్ మొదట వెతికేది ఆమెకు గదిలో తోడు వచ్చే ఇంకో పెద్దావిడను.

సీటు అనే మంచు ముక్క

సంతలో అమ్ముడుపోని బెల్లం దిమ్మ మర్నాడు అమ్ముకోవచ్చు. ఎగిరిపోయిన విమానంలో ఖాళీ సీటును ఏ సంతలోనూ అమ్మలేం. సరుకు ఇలా కరిగిపోయేది కావడం వల్లే ఈ వ్యాపారంలో సగం తెలివి తేదీల దగ్గర ఉంటుంది.

సాధారణంగా పది మంది దాటితే విమాన కంపెనీలు గ్రూపు ధర ఇస్తాయి. నెలల ముందే కొంత ధరావతు కట్టి సీట్లు ఆపుకోవచ్చు, పేర్లు తర్వాత ఇవ్వొచ్చు. ఫలానా తేదీలోగా పేర్లివ్వాలి, ఫలానా తేదీలోగా పూర్తి డబ్బు కట్టాలి, ఆ తర్వాత వద్దన్న సీటుకు ధరావతు పోతుంది. మన ఆపరేటర్ ఆశకు పోయి 35 సీట్లు ఆపుకుని, సీటుకు 5,000 కట్టాడనుకుందాం. 30 అమ్ముడయ్యాయి. ఐదు సీట్ల మీద 25,000 పోయి లాభం 90,000 నుంచి 65,000కు దిగుతుంది. పోనీ 25 సీట్లే ఆపుకుంటే? ఇరవై ఆరో మనిషికి ఆ రోజు మార్కెట్ ధరకు టికెట్ కొనాలి. అది ఇరవై వేలు కావచ్చు, ముప్పై రెండు వేలు కావచ్చు.

ఇక్కడే ‘‘ఇంక రెండే సీట్లు’’ అన్న మాటకు రెండు ముఖాలు కనిపిస్తాయి. గడువుకు ముందైతే ఆపుకున్న సీట్లలో నిజంగానే రెండు మిగిలి ఉండొచ్చు, లేదా ఇరవై రెండు చేరడానికి ఇద్దరు తక్కువై ఉండొచ్చు. గడువు దాటి టికెట్ల డబ్బు కట్టేశాక లెక్క తలకిందులవుతుంది. ఆ 20,000 ఎలాగూ పోయినట్టే. కొత్తగా వచ్చే మనిషి మీద ఇక అయ్యేది 19,500. అంతకు పైన ఎంతొచ్చినా ఆపరేటర్‌కు మిగులే. బయల్దేరే ముందు వారం ఒకడికి 40,000కే టూరు దొరకడానికి కారణం ఇదే. అదే బస్సులో పక్క సీటాయన 50,000 కట్టాడని తెలిస్తే గొడవ. అందుకే ఈ ధర ఎప్పుడూ చెవిలో చెబుతారు గానీ ఫ్లెక్సీ మీద వెయ్యరు.

తేదీల్లో ఇంకో కీలకం ఉంది. మన పిల్లలకు వేసవి సెలవులొచ్చే మేలో థాయిలాండ్‌లో వానాకాలం మొదలవుతుంది. అక్కడి హోటళ్లకు అది గిరాకీ తక్కువ కాలం. మన రద్దీ, వాళ్ల మందకొడి ఒకేసారి రావడం ఆపరేటర్‌కు దేవుడిచ్చిన వరం. యూరప్ అలా కాదు. మన సెలవులు, అక్కడి మంచి వాతావరణం దాదాపు ఒకేసారి వస్తాయి. గదుల ధరలూ అప్పుడే ఎక్కుతాయి.

డాలరు దగ్గితే

మన లెక్కలో హోటలు, తిండి, టికెట్లు, అక్కడి బస్సు కలిపి మనిషికి 20,000 విదేశంలో కట్టాల్సిన డబ్బు. అక్కడ ఇవన్నీ ఏర్పాటు చేసే స్థానిక కంపెనీని ల్యాండ్ ఆపరేటర్ అంటారు. వాళ్లు మనవాళ్లకు ధర తరచు డాలర్లలో చెబుతారు. డాలరు 83 రూపాయలు ఉన్నప్పుడు ఆ 20,000 అంటే 241 డాలర్లు. ధర చెప్పిన రోజుకూ, డబ్బు పంపే రోజుకూ మధ్య మూడు నెలలు. ఈలోగా డాలరు రెండు రూపాయలు పెరిగితే మనిషికి 482, ముప్పై మందికి 14,460. తొంభై వేల లాభంలో ఆరో వంతు.

ఏడాది ముందే కరపత్రాలు అచ్చేసుకున్నవాళ్ల గతి ఇంకా కష్టం. 2024 జనవరిలో 83 ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. అదే 241 డాలర్ల బిల్లు 21,690 అవుతుంది. మనిషికి మిగిలే 3,000లో సగానికి పైన, గుంపు మీద 50,000 పైన మాయం. అందుకే పెద్ద కంపెనీలు యూరప్ టూర్ల ధర రెండు ముక్కలుగా చెబుతాయి. ఇన్ని రూపాయలు, దాని మీద ఇన్ని యూరోలు. చదివేవాళ్లకు చిరాకే గానీ దాని అర్థం ఒకటే. రూపాయి పడితే ఆ దెబ్బ మీదే, మాది కాదు.

ప్రభుత్వం వాటా

బిల్లు మీద రెండు పన్నులు కనిపిస్తాయి. మొదటిది జీఎస్టీ. టూరు మొత్తం ధర మీద 5 శాతం. యాభై వేలకు 2,500. ఇది లాభం మీద కాదు, మొత్తం మీద. కాబట్టి మన ముప్పై మంది టూరులో ఆపరేటర్‌కు మిగిలింది 90,000 అయితే జీఎస్టీ కింద వెళ్లేది 75,000.

రెండోది టీసీఎస్, అంటే అమ్మిన చోటే వసూలు చేసే ఆదాయ పన్ను. దీని చరిత్ర తమాషాగా ఉంటుంది. 2020 అక్టోబరు 1న విదేశీ టూర్ల మీద 5 శాతంతో మొదలైంది. 2023 అక్టోబరు 1 నుంచి 7 లక్షలు దాటిన భాగం మీద 20 శాతం చేశారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దు 10 లక్షలకు జరిపారు. 2026 బడ్జెట్‌లో హద్దులు తీసేసి 2026 ఏప్రిల్ 1 నుంచి అందరికీ 2 శాతం అన్నారు.

తేడా ఎంతో చూడండి. ఒక ఇంటి పెద్ద తన పాన్ మీద నలుగురికి 12 లక్షల యూరప్ టూరు కొన్నాడు. 10 లక్షల హద్దు ఉన్నప్పుడైతే మొదటి పది లక్షల మీద 50,000, పైన రెండు లక్షల మీద 40,000, మొత్తం 90,000 అదనంగా చేతిలోంచి పెట్టాలి. 2 శాతం ప్రకారం 24,000. మన బ్యాంకాక్ మాస్టారి బిల్లులో అయితే 50,000కు జీఎస్టీ 2,500 కలిపి, ఆ మొత్తం మీద టీసీఎస్ 1,050. అంతా కలిసి 53,550.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. జీఎస్టీ తిరిగి రాదు. టీసీఎస్ మీ పాన్ మీద జమ అయి ఉంటుంది. ఆదాయ పన్ను రిటర్ను వేస్తే పన్నులో సర్దుబాటు అవుతుంది, కట్టాల్సిన పన్ను లేకపోతే వెనక్కి వస్తుంది. ‘‘మనకు ఆదాయం లేదు, రిటర్ను ఎందుకు’’ అనుకునే పెద్దవాళ్లే ఆ డబ్బు వదిలేసుకుంటారు. విమాన టికెట్ ఒక్కటే, లేదా హోటలు ఒక్కటే కొంటే అది టూరు ప్యాకేజీ కిందికి రాదని 2023 జూన్‌లో పన్నుల శాఖ స్పష్టం చేసింది. రెండూ కలిపి ఒకరి దగ్గర కొంటే వస్తుంది.

ఊళ్లో కొట్టు, పట్నంలో కంపెనీ

నర్సీపట్నంలో మీతో మాట్లాడే మనిషి చాలాసార్లు టూరు ఆపరేటర్ కాదు. బస్సు, రైలు, విమానం టికెట్లు తీసే కొట్టాయన. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న కంపెనీకి మనుషుల్ని కుదిర్చి తలకు 2,000 తీసుకుంటాడు. ముప్పై మందినీ తనే కుదిరిస్తే 60,000. టూరు నడిపిన కంపెనీకి 90,000. డాలరు పెరిగినా, సీట్లు మిగిలినా కొట్టాయనకు దిగులు లేదు. రిస్కు లేని అరవై వేలు, రిస్కుతో తొంభై వేలు. ఈ రెంటిలో ఏది మంచి వ్యాపారమో మీరే చెప్పండి.

కంపెనీలు ప్రాణంగా చూసుకునే గిరాకీ మరొకటి ఉంది. ఎరువులు, పురుగుమందులు, సిమెంటు, పెయింట్ల కంపెనీలు టార్గెట్ చేరిన డీలర్లను విదేశానికి తీసుకెళ్తాయి. ఇక్కడ ఇరవై రెండో మనిషి బెంగ ఉండదు. అందరి డబ్బూ ఒకే చెక్కులో వస్తుంది. డీలర్‌కు మాత్రం ఇది పూర్తిగా ఉచితం కాదు. 2022 జూలై 1 నుంచి వ్యాపార సంబంధంగా ఇచ్చే ఇలాంటి లాభం విలువ ఏడాదికి 20,000 దాటితే 10 శాతం పన్ను మినహాయించాలి. యాభై వేల టూరు అంటే 5,000 పన్ను, అది డీలర్ ఆదాయంలోనూ చేరుతుంది.

ధరలో కనిపించని ఆదాయం కూడా ఉంటుంది. అక్కడికి వెళ్లాక ‘‘ఇష్టమైనవాళ్లకు మాత్రమే’’ అంటూ చూపించే అదనపు షోలు, గంటసేపు ఆగే నగల దుకాణాలు. అమ్మకం మీద గైడుకూ, ల్యాండ్ ఆపరేటర్‌కూ కమీషన్ ఉంటుంది. ఈ పద్ధతి ముదిరితే అసలు ఖర్చుకంటే తక్కువకే టూరు అమ్మి, లోటును దుకాణాల దగ్గర రాబట్టుకుంటారు. చైనా నుంచి వచ్చే ఇలాంటి ‘జీరో డాలర్’ టూర్ల మీద థాయ్ ప్రభుత్వం 2016లో విరుచుకుపడింది. మన లెక్కలో తలసరి ఖర్చే 39,500. అదే హోటలు, అవే భోజనాలు అని చెప్పి నెలల ముందే ఎవరైనా 32,000కు అమ్ముతుంటే ఆ లోటు ఎక్కడ పూడుతుందో ఆలోచించాలి.

అడ్వాన్సు ఎక్కడుంది?

ఇప్పుడు అసలు సంగతి. ప్రయాణానికి మూడు నెలల ముందు తలా 15,000 కడితే ముప్పై మందిది 4,50,000. నెల ముందు మిగతా డబ్బు. హోటలుకూ, ల్యాండ్ ఆపరేటర్‌కూ చాలాభాగం చివరి వారాల్లో కడతారు. ఈలోగా ఆ సొమ్ము ఆపరేటర్ దగ్గరుంటుంది. అంటే ఈ వ్యాపారానికి పెట్టుబడి బ్యాంకు నుంచి కాదు, ప్రయాణికుడి నుంచే వస్తుంది. బుద్ధిమంతుడు ఏ టూరు డబ్బు ఆ టూరుకే ఉంచుతాడు. తొందరపడేవాడు ఈ టూరు బిల్లును వచ్చే టూరు అడ్వాన్సుతో కడతాడు. జనం పెరుగుతున్నంత కాలం ఆ సైకిల్ పడదు. తొక్కడం ఆగిందా, పడిపోతుంది.

2020 మార్చి 23న అలా ఆగింది. మన దేశం నుంచి రోజువారీ అంతర్జాతీయ విమానాలు మళ్లీ మామూలుగా ఎగిరింది 2022 మార్చి 27న. రెండేళ్ల నాలుగు రోజులు. ప్రయాణికులు డబ్బు వెనక్కి అడిగారు, ఆపరేటర్లు విమాన కంపెనీలను అడిగారు, వాళ్లు తర్వాత వాడుకోమన్నారు. లాక్‌డౌన్ కాలంలో బుక్ చేసిన టికెట్ల డబ్బు వాపసివ్వాలని సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న చెప్పాల్సి వచ్చింది.

అంతకు ముందు ఏడాదే ఈ వ్యాపారానికి పితామహుడనదగ్గ పేరు కూలిపోయింది. 1841 జూలై 5న థామస్ కుక్ అనే ఇంగ్లిషాయన లెస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు 500 మందిని మనిషికి ఒక షిల్లింగు తీసుకుని రైల్లో తీసుకెళ్లాడు. అక్కడ మొదలైన సంస్థ 2019 సెప్టెంబరు 23న దివాలా తీసింది. ఆ ఉదయానికి ప్రపంచమంతటా దాని ప్రయాణికులు సుమారు 6 లక్షల మంది ఇంటికి దూరంగా ఉన్నారు. బ్రిటన్ తన వాళ్లు లక్షన్నర మందిని విమానాలు పంపి తెచ్చుకుంది. ఎలా తెచ్చుకోగలిగింది? విమానంతో కూడిన ప్రతి ప్యాకేజీ మీద మనిషికి రెండున్నర పౌన్ల చొప్పున ఒక రక్షణ నిధికి జమ చేయించే ఏర్పాటు అక్కడ ఉంది. మనకు అలాంటి నిధి లేదు. టూరు ఆపరేటర్లకు కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే గుర్తింపు కూడా ఇష్టమైతే తీసుకునేదే, తప్పనిసరి కాదు.

మన దేశంలోని థామస్ కుక్ మాత్రం ఆ రోజు చెక్కుచెదరలేదు. 1881లో బొంబాయిలో తెరిచిన ఆ శాఖను 2012లోనే కెనడాకు చెందిన ఫెయిర్‌ఫాక్స్ సంస్థ కొనేసింది. దాని అధిపతి ప్రేమ్ వత్స పుట్టింది హైదరాబాద్‌లో. పేరొకటే, ఖజానా వేరు. అదే 2019లో 1758 నాటి పేరున్న కాక్స్ అండ్ కింగ్స్ మన దేశంలోనే అప్పులు తీర్చలేక దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. రెండున్నర శతాబ్దాల పేరు కూడా అడ్వాన్సుకు పూచీ కాదని అర్థం.

కాబట్టి డబ్బు కట్టే ముందు అడగాల్సినవి కొన్నే. రసీదు ఎవరి పేరు మీద, కొట్టాయనదా కంపెనీదా? దాని మీద జీఎస్టీ నంబరు, మీ పాన్ ఉన్నాయా? టూరు నిలిచిపోతే ఎన్ని రోజుల్లో ఎంత వాపసు? కనీసం ఎంతమంది చేరాలి? విమానం టికెట్ మీ పేరు మీద ఏ తేదీకి చేతికొస్తుంది? తేడా వస్తే 1915 నంబరుకు ఫోను చెయ్యొచ్చు. కట్టిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లొచ్చు.

మన ఊరి అంకె

నర్సీపట్నం వాళ్లకు ప్రత్యేకంగా ఒక లెక్కుంది. మాకవరపాలెం మీదుగా తాళ్లపాలెం జంక్షన్‌లో హైవే ఎక్కి విశాఖ చేరడానికి సుమారు 80 కిలోమీటర్లు. ఇప్పటి ఎయిర్‌పోర్టు నౌకాదళం వారి స్థావరంలో, ఊరికి మన వైపునే ఉంది. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం విశాఖ దాటి ఇంకో 45 కిలోమీటర్లు. కృష్ణదేవిపేటలో సమాధి ఉన్న మన అల్లూరి సీతారామరాజు పేరే దానికి పెట్టారు. పేరు మనకు దగ్గరైంది గానీ దారి దూరమవుతుంది. బస్సు లెక్క 30,000 నుంచి 45,000కు పెరిగితే గొయ్యి 2,40,000 అవుతుంది. అప్పుడు కావాల్సింది 23 మంది. అక్కడినుంచి విదేశీ విమానాలు ఎక్కువై సీటు ధర 1,500 తగ్గితే మిగులు మనిషికి 12,000 అవుతుంది. అప్పుడు 20 మంది చాలు. కొత్త ఎయిర్‌పోర్టు మనకు లాభమా నష్టమా అంటే జవాబు దూరంలో లేదు, ఎగిరే విమానాల సంఖ్యలో ఉంది.

థామస్ కుక్ రైలు కంటే పదకొండేళ్ల ముందే, 1830 మే 18న, ఏనుగుల వీరాస్వామయ్య సుమారు వంద మందిని వెంటబెట్టుకుని చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరాడు. తిరిగొచ్చింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలలు దాటింది. డేరాలు, వంట, దారి, దొరల అనుమతులు అన్నీ ఆయన బాధ్యతే. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే ఆయనే టూర్ మేనేజరు, ఆయనే ఆపరేటరు. తేడా ఒక్కటే. ఎంతమంది వస్తే గిట్టుబాటవుతుందని ఆయన లెక్క వేసుకోలేదు.

ఇవాళ వేసుకోక తప్పదు. అందుకే ఆ ఫోను మళ్లీ వస్తే మాస్టారు ఒక్క మాట అడిగితే చాలు. ‘‘సీట్లెన్ని మిగిలాయన్నది సరే బాబూ, ఇప్పటిదాకా చేరింది ఎంతమంది?’’ జవాబు పద్దెనిమిది అయితే టూరు ఉంటుందో లేదో తేలాక అడ్వాన్సు కట్టొచ్చు. ఇరవై ఎనిమిది అయితే బేరమాడొచ్చు. ఇరవై ఒకటి అయితే మాత్రం అవతల గొంతు కాస్త తగ్గుతుంది. ఆయన ఎదురుచూస్తున్న మనిషి మీరే.